వియా ఆప్పియా వెంట రోమ్ నుంచి బ్రిందిసి దాకా: ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగక్కర్లేదు

ఇటలీ ప్యాకేజీలో వెళ్ళే మనవాళ్ళకి రోమ్ అంటే కొలోసియం, వాటికన్, ట్రెవీ ఫౌంటెన్ దగ్గర ఒక ఫోటో, అంతే, తెల్లారేసరికి ఫ్లోరెన్స్ బస్సెక్కించేస్తారు. ఊరి దక్షిణపు గోడ దాటగానే మొదలయ్యే పాత రోమన్ రోడ్డు వియా ఆప్పియా ఊసే ఎవరూ ఎత్తరు, ఎత్తినా కాటకూంబులు, అంటే భూమి కింద తవ్విన పాత సమాధుల సొరంగాలున్న రోడ్డు అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నా మటుకు నాకు ఇటలీలో చూసినవాటన్నిటిలోకీ మనసుకి పట్టింది ఈ రోడ్డే. రోమ్‌లో ఒక పూట మిగిలితే ఆ పూట దీనికివ్వండి. వారం పది రోజులు చేతిలో ఉంటే మాత్రం వెనిస్, మిలాన్ ఇంకోసారికి పెట్టుకుని, ఈ రోడ్డు పట్టుకుని సముద్రం తగిలేదాకా దక్షిణానికి వెళ్ళండి. మేం ముగ్గురం వెళ్ళాం, నేనూ, మా ఆవిడా, మిలాన్‌లో చదువుకుంటున్న మా అక్క కూతురూ. ఇటాలియన్ మాట్లాడే మనిషి పక్కన ఉండడం వల్ల చాలా పనులు తేలికయ్యాయి, అది ముందే చెప్పాలి.

క్రీ.పూ. 312లో ఆప్పియస్ క్లాడియస్ కేకస్ అనే ఆయన రోమ్‌లో జనాభా లెక్కలూ ప్రభుత్వ నిర్మాణాలూ చూసే సెన్సార్ పదవిలో ఉండగా దీన్ని మొదలుపెట్టించాడు. అప్పటికి దక్షిణాన సామ్నైట్లు అనే కొండజాతులతో యుద్ధం నడుస్తోంది, సైన్యాన్నీ తిండిగింజల్నీ కాపువా దాకా త్వరగా చేర్చాలి, అదీ అసలు అవసరం. మొదట వేసింది రోమ్ నుంచి కాపువాకి, సుమారు 195 కిలోమీటర్లు. తర్వాత రోమ్ గెలిచినకొద్దీ రోడ్డూ సాగింది: బెనెవెంతో, వెనోజా, తారాంతో, చివరికి గ్రీసు వైపు ఓడలు బయల్దేరే బ్రిందిసి రేవు. మొత్తం సుమారు 540 కిలోమీటర్లు. 2024 జులై 27న యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ సమావేశం జరిగింది మన న్యూఢిల్లీలోనే, ఇటలీకి అది 60వ స్థలం.

దారి పొడుగునా చూశాక నాకు అర్థమైంది ఒకటుంది. జనం వాడుతూ వచ్చిన చోట పాత రోడ్డు తారు కింద కలిసిపోయింది, జనం వదిలేసిన చోట రాళ్ళతో సహా నిలిచింది. అందుకే పేరున్న ఊళ్ళ కన్నా ఊళ్ళ మధ్య ఉన్న ముక్కలే గొప్పగా ఉంటాయి. ప్లాన్ వేసుకునేటప్పుడు ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే ఎక్కడ ఎంతసేపు ఉండాలో మీకే తెలిసిపోతుంది.

రోమ్‌లో బస సంగతి. తెర్మినీ స్టేషన్ చుట్టూ హోటళ్ళు బోలెడు, కానీ ఆప్పియా కోసమైతే మెట్రో ఏ లైన్‌లో సాన్ జొవాన్నీ, రె ది రోమా ప్రాంతాల్లో దిగడం మేలు. అక్కడ మామూలు జనం ఉండే అపార్ట్‌మెంట్లలోనే చిన్న చిన్న బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లుంటాయి, రాత్రి ప్రశాంతంగా ఉంటుంది. సాన్ జొవాన్నీ నుంచి 218 నంబరు బస్సు ఆప్పియా మీదికి వెళ్తుంది. అదే మెట్రో లైన్‌లో కొల్లీ అల్బానీ దగ్గర దిగితే 660 నంబరు బస్సు నేరుగా చెచీలియా మెతెల్లా సమాధి దగ్గర దింపుతుంది, నేను గట్టిగా చెప్పేది ఈ రెండో దారి. గది అద్దె కాకుండా మనిషికి రాత్రికింత అని నగర పన్ను విడిగా కట్టాలి, బుకింగ్ ధరలో కనిపించదు, చివర్లో అడుగుతారు. మేం దిగిన చోట గది శుభ్రంగా ఉంది, మూడో అంతస్తు, లిఫ్టు మాత్రం ఇద్దరు ఇరుక్కుని నిలబడేంత, పెద్ద సూట్‌కేసులుంటే రెండు మూడు విడతలు. పిట్టలా తిని బతకలేని మా ఆవిడకి పియాత్సా విత్తోరియో దగ్గర ఎస్క్విలీనో మార్కెట్ దొరికింది, కరివేపాకు, పచ్చిమిర్చి, కందిపప్పు అన్నీ ఉన్నాయి. వంటగది ఉన్న బస తీసుకుంటే రోమ్‌లో మనకి తిండి టెన్షన్ లేదు.

ఇక నడక. చాలామంది గైడ్లు సాన్ సెబాస్తియానో గోడద్వారం నుంచి నడుచుకుంటూ రమ్మంటారు. ఆ ద్వారం చూడదగ్గదే, మూడో శతాబ్దంలో ఔరేలియన్ చక్రవర్తి మొదలుపెట్టిన ప్రహరీగోడలోది, లోపల గోడల మ్యూజియం కూడా ఉంది. కానీ అక్కడి నుంచి కాటకూంబుల దాకా రోడ్డు రెండు గోడల మధ్య ఇరుకు సందు, ఫుట్‌పాత్ ఉండదు, కార్లు మోచెయ్యి రాసుకుంటూ పోతాయి. పిల్లల్తో, పెద్దవాళ్ళతో అస్సలు వద్దు. నడిచే తీరాలనుకుంటే క్వో వాదిస్ గుడి దగ్గర నుంచి సాన్ కల్లిస్తో కాటకూంబుల తోటలోకి వేరే దారి ఉంది, చెట్ల మధ్యగా పోతుంది, అది పట్టుకోండి. ఆదివారాలు రోడ్డు మీద వాహనాలు తగ్గుతాయి, అప్పుడు ఊరు ఊరంతా సైకిళ్ళతో అక్కడే ఉంటుంది.

కాటకూంబుల్లో ఒకటి చూస్తే చాలు. సాన్ కల్లిస్తోకి బుధవారం సెలవు, సాన్ సెబాస్తియానోకి ఆదివారం. సాన్ కల్లిస్తోలో కిలోమీటర్ల కొద్దీ సొరంగాలు, మూడో శతాబ్దపు పోపుల సమాధులు ఉన్నాయి. గైడు వెంట గుంపుగానే పంపుతారు, ఇంగ్లీషులో చెప్పే గుంపులుంటాయి, సుమారు ముప్పావు గంట. లోపల ఎండాకాలంలో కూడా చలిగానే ఉంటుంది, పల్చటి శాలువా పట్టుకెళ్ళండి. బాగుంది, కాదనను, కానీ గుంపు వెంట గుంపుని తోలేయడం వల్ల ఏదీ నింపాదిగా చూడనివ్వరు. టైమ్ తక్కువైతే నేను కాటకూంబులు వదిలేసి రోడ్డునే ఎంచుకుంటాను.

ఎందుకంటే అసలైన ఆప్పియా చెచీలియా మెతెల్లా దాటాకే ఉంది. ఈ సమాధి క్రీ.పూ. మొదటి శతాబ్దం చివర్లో ఒక పెద్దింటి ఆడమనిషి కోసం కట్టిన గుండ్రటి గోపురం, ఒకప్పుడు సున్నితంగా చెక్కిన తెల్లరాయి ఇప్పటికీ చాలావరకు అంటిపెట్టుకునే ఉంది. 1300ల మొదట్లో కయెతాని కుటుంబం దాన్ని కోట బురుజుగా మార్చేసుకుని, దారిన పోయేవాళ్ళ దగ్గర సుంకం వసూలు చేయడం మొదలుపెట్టింది. ఆ బాదుడు భరించలేక జనం పక్క దారులు పట్టారు, పదహారో శతాబ్దంలో కొత్త ఆప్పియా రోడ్డు వచ్చాక పాత దాని మీద బండి చప్పుడు ఇంకా తగ్గిపోయింది. ఆ దౌర్జన్యమే ఈ ముక్కని కాపాడినట్టయింది.

కోట లోపలికి టికెట్ తీసుకుని వెళ్తే నేలమాళిగలో గట్టిపడిన లావా కనిపిస్తుంది, తప్పకుండా చూడండి. లక్షల ఏళ్ళ కిందట అల్బన్ కొండల నుంచి కారిన లావా సరిగ్గా ఇక్కడికొచ్చి ఆగింది. ఆప్పియా మీద పరిచిన నల్లరాళ్ళు ఆ లావావే, రోమన్లు మొదట కంకర రోడ్డు వేసి తర్వాత మెల్లగా ఈ రాయి పరుచుకుంటూ పోయారు. అక్కడి నుంచి ముందుకి నడిస్తే ఆ రాళ్ళే కాళ్ళ కిందికొస్తాయి. రోడ్డు వెడల్పు 4 మీటర్ల పైచిలుకు, ఎదురెదురుగా వచ్చే రెండు బళ్ళు తప్పుకునేంత. నేను ఒకచోట కూర్చుని కాసేపు రాయినే చూశాను. ఒక్కోటి రెండు మూడు జానల వెడల్పు, ఏ రెండూ ఒక ఆకారంలో లేవు, ఒకదాని వంపులో ఇంకొకటి ఒదిగేలా చెక్కి పెట్టారు, కొన్ని అతుకుల్లో గడ్డిపోచ తప్ప ఇంకేదీ దూరదు. మధ్యలో ఊడిన చోట చూస్తే రాయి కిందికి పోనుపోను సన్నబడుతుంది, భూమిలో దిగగొట్టిన మేకులాగా. పైన చక్రాలు అరిగించిన గాడి, అందులో నిన్నటి వాన నీళ్ళు. ఆరో శతాబ్దంలో, అంటే రోడ్డుకి ఎనిమిది వందల ఏళ్ళు దాటాక, బైజాంటైన్ సేనాని బెలిసారియస్ సైన్యంతో వచ్చిన చరిత్రకారుడు ప్రొకోపియస్ కూడా ఈ రాళ్ళని చూసి, మధ్యలో సున్నం గానీ ఇంకేదీ గానీ లేకుండా ఇవి ఒకదానికొకటి పెరిగి అతుక్కున్నట్టున్నాయి అన్నట్టు రాసిపెట్టాడు. అదే రాయిని చేత్తో తడిమి చూస్తే ఆ మాటకి బలం తెలుస్తుంది.

రెండు పక్కలా సమాధులు, గొడుగుల్లాంటి పైన్ చెట్లు, అవతల గొర్రెల మందలు. చంపీనో విమానాశ్రయం దగ్గరే కాబట్టి మధ్యమధ్య విమానం నెత్తి మీదుగా పోతుంది. క్వింతిలీ సోదరుల విల్లా దాకా తప్పక వెళ్ళండి, ఆ అన్నదమ్ములిద్దర్నీ కొమ్మొదుస్ చక్రవర్తి చంపించి ఎస్టేటు లాగేసుకున్నాడు. మంచినీళ్ళు వెంట ఉంచుకోండి, రోడ్డు పక్కనున్న కాపో ది బోవె అనే తోట దాటాక దుకాణం అనేది కనిపించదు. సైకిల్ అద్దెకి తీసుకుంటే షాక్ అబ్జార్బర్ ఉన్న ఎలక్ట్రిక్ సైకిలే తీసుకోండి, మామూలు సైకిల్‌తో ఆ రాళ్ళ మీద నడుం విరుగుతుంది. మేం ఒక దుకాణంలో తీసుకున్నదానికి బ్రేకులు సరిగ్గా పడలేదు, వెనక్కిచ్చి మార్చుకోడానికి అరగంట వాదించాల్సొచ్చింది. అక్కడే రెండడుగులు తొక్కి చూసుకోండి.

ఈ రోడ్డు ఇలా మిగలడం దానంతట అది జరగలేదు. 1850లలో పోపు తొమ్మిదో పయస్ కాలంలో లుయీజి కనీనా అనే వాస్తుశిల్పి మట్టి తీయించి, దొరికిన శిల్పాల ముక్కల్ని అక్కడికక్కడే ఇటుక గోడల్లో పెట్టించాడు, మ్యూజియానికి తరలించలేదు. ఇరవయ్యో శతాబ్దంలో డబ్బున్నవాళ్ళు రోడ్డు పక్కన విల్లాలు లేపుతుంటే అంతోనియో చెదెర్నా అనే పాత్రికేయుడు 1953 నుంచి దశాబ్దాల పాటు రాస్తూనే ఉన్నాడు, అలసిపోలేదు. 1965లో ఈ ప్రాంతాన్ని ప్రజల పార్కుగా ప్రకటించారు, 1988లో ప్రాంతీయ పార్కు వచ్చింది. కాపో ది బోవెలో ఇప్పుడు చెదెర్నా కాగితాలు భద్రంగా ఉన్నాయి, ప్రవేశం ఉచితం, తోట చల్లగా ఉంటుంది. రోమ్ రింగ్ రోడ్డు ఈ దారిని అడ్డంగా కోసేస్తే, క్యాథలిక్కుల పవిత్ర సంవత్సరమైన 2000 జూబిలీ సమయంలో ఆ రింగ్ రోడ్డుని సొరంగంలోకి దించి పాత రోడ్డుని మళ్ళీ కలిపారు. అంత ట్రాఫిక్‌ని కిందికి పంపి పాత రాళ్ళకి దారిచ్చిన ఆ నిర్ణయం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. మనకి అమరావతి స్తూపం రాళ్ళు సగం లండన్‌లో, సగం చెన్నైలో ఉన్నాయి కదా, ఇక్కడ రాయిని ఉన్నచోటే ఉంచారే అని బాధా వేసింది, సంతోషమూ వేసింది. 1960 ఒలింపిక్స్ మారథాన్‌లో ఇథియోపియాకి చెందిన అబెబె బికిలా ఉత్త కాళ్ళతో పరుగెత్తి గెలిచిన దారిలో ఈ ఆప్పియా ముక్క కూడా ఉంది, అప్పటికి చీకటి పడి సైనికులు కాగడాలు పట్టుకు నిలబడ్డారు.

ఇంకొంచెం దక్షిణాన ఫ్రాత్తోక్కియెలో మెక్‌డొనాల్డ్స్ కడుతుంటే 2014లో ఆప్పియా నుంచి చీలిన చిన్న రోమన్ దారి బయటపడింది, దాన్ని అద్దాల నేల కింద అలాగే ఉంచారు. పిల్లలుంటే సరదాగా ఉంటుంది, దాని కోసమే పనిగట్టుకుని వెళ్ళక్కర్లేదు.

అక్కడి నుంచి తెర్రాచీనా దాకా పొంతీన్ మైదానం. ఒకప్పుడు బురద, దోమలు, మలేరియా. క్రీ.పూ. 37లో కవి హొరేస్ ఈ దారినే బ్రిందిసి వెళ్తూ ఈ ముక్కని రాత్రిపూట కాలవలో పడవ మీద దాటాడు. దోమలూ కప్పలూ నిద్ర పోనివ్వలేదట, పడవ లాగే కంచరగాడిదని రాయికి కట్టేసి పడవవాడు గుర్రుపెట్టి పడుకున్నాడట, తెల్లారి చూస్తే పడవ ఉన్నచోటే ఉంది. ఒక కోపిష్టి దూకి, పడవవాడినీ గాడిదనీ కలిపి కర్రతో బాదాడు. 1930లలో ఇక్కడి నీళ్ళన్నీ తోడించి పొలాలు చేశారు. ఇప్పుడు ఆప్పియా ఇక్కడ బాణంలా తిన్నటి హైవే, చూడ్డానికేమీ లేదు, ఆగక్కర్లేదు.

కానీ బస్సు కిటికీలోంచి తలపాగాలు కనిపిస్తాయి. ఈ మైదానంలో పొలాల్లోనూ ప్లాస్టిక్ గుడారాల కిందా పనిచేసేవాళ్ళలో వేలమంది పంజాబీ సిక్కులు, గురుద్వారాలు కూడా కట్టుకున్నారు. 2016లో ఇక్కడి పట్టణం లాటినాలో కూలి కోసం సమ్మె చేశారు. 2024 జూన్‌లో ఇక్కడే పొలంలో ఒక పంజాబీ కూలీ చెయ్యి యంత్రంలో తెగిపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా ఇంటి ముందు వదిలేశారు, రెండు రోజులకి ప్రాణం పోయింది. బస్టాపులో పలకరించిన ఒక పెద్దాయన హిందీలో మా ఊరు అడిగి, హైదరాబాద్ అనగానే చేతిలోని సంచీలోంచి రెండు కమలాపళ్ళు తీసి మా ఆవిడ చేతిలో పెట్టాడు. రోమన్ రోడ్డు చూడ్డానికొచ్చి ఈ మనుషుల్ని చూడకుండా పోతే ఆ ప్రయాణం సగమే.

తెర్రాచీనాకి రైలు లేదు, 2012లో కొండచరియ పడ్డాక మేం వెళ్ళేనాటికీ ఆ లైను మూతే. మోంతె సాన్ బియాజియో స్టేషన్లో దిగి బస్సు పట్టాలి, ఆదివారం బస్సులు చాలా తక్కువ, పనిదినం చూసుకోండి. ఇక్కడ రెండు చూడాలి. పై ఊళ్ళో రోమన్ కాలపు నడిబొడ్డు, రాతిపరుపు మీదే ఇప్పటికీ పిల్లలు బంతాట ఆడుతుంటారు, ముసలివాళ్ళు కుర్చీలేసుకుంటారు. రెండోది కింద సముద్రం పక్కన పీస్కో మోంతానో అనే కొండ. పాత ఆప్పియా ఈ ఊరి కొండెక్కి దిగేది, ట్రాజన్ చక్రవర్తి కాలంలో కొండ అంచునే నిలువునా కోసేసి రోడ్డుని సముద్రమట్టానికి తెచ్చారు. ఎంత లోతు కోశారో పైనుంచి కిందికి ప్రతి పది రోమన్ అడుగులకీ రాతి మీద అంకె చెక్కుకుంటూ వచ్చారు, అట్టడుగున 120. అంటే సుమారు 36 మీటర్ల గోడ. పనివాళ్ళు లెక్క రాసుకున్న ఆ అంకెలు ఇప్పటికీ చదవొచ్చు. జూపిటర్ గుడి ఉన్న కొండ మీదికి సాయంత్రం వెళ్తే సముద్రం బాగుంటుంది కానీ ఎక్కేసరికి తల ప్రాణం తోకకొస్తుంది, ఆటోలాంటివేవీ ఉండవు, టాక్సీకి ముందే ఫోన్ చేయాలి. బస మాత్రం ఇక్కడ వేసవిలో వద్దు, బీచ్ సీజన్ రేట్లు మండిపోతాయి.

బసకి ఫోర్మియా మేలు. రోమ్–నేపుల్స్ రైళ్ళు ఆగుతాయి, గదులు చవక, మాకు 75 యూరోల్లో ముగ్గురికీ సరిపడే గది దొరికింది, ఓనరమ్మ పొద్దున్నే వేడి కాఫీతో పాటు దారికి తినడానికి ఆలివ్ రొట్టె కట్టిచ్చింది. ఊరి శివార్లలో ఆప్పియా పక్కనే రోమన్ వక్త సిసెరో సమాధి అని చెప్పే ఎత్తైన బురుజుంది, ఆయన్ని క్రీ.పూ. 43లో ఈ ప్రాంతంలోనే చంపారు.

ఫోర్మియాలో ఉండమనడానికి అసలు కారణం ఫోంది, ఈత్రి ఊళ్ళ మధ్య ఉన్న సాంత్ ఆంద్రెయా లోయ. మొత్తం యాత్రలో ఒక్క చోటే చూడమంటే నేను రోమ్ కూడా కాదు, ఇదే అంటాను. మూడు కిలోమీటర్ల పాత ఆప్పియా లోయ అంచునే మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది, కింద వాగు, ఎదుటి గట్టున కొత్త హైవే. హైవే అటు పోయింది కాబట్టి ఇది మిగిలింది. రోడ్డు జారకుండా కింద నుంచి కట్టిన గోడలు, ఒకదాని మీద ఒకటి పేర్చిన పెద్ద పెద్ద బండలు, ఇంకా అలాగే ఉన్నాయి. మధ్యలో అపోలో గుడి, దాని మీదే తర్వాత కోట కట్టారు, నెపోలియన్ సైన్యాన్ని ఈ లోయలో ముప్పుతిప్పలు పెట్టిన ఫ్రా ద్యావొలో ఈత్రి ఊరివాడే, 1806లో నేపుల్స్‌లో అతన్ని ఉరి తీశారు.

ఇక్కడ రోడ్డు పొరలు కంటికి కనబడతాయి. ఒకచోట రోమన్ నల్లరాయి, దాని పక్కనే 1768లో నేపుల్స్‌ని ఏలిన బూర్బన్ రాజులు బాగు చేయించినప్పటి చిన్న రాళ్ళ పరుపు. ఈ వైపు దొరికిన ఒక మైలురాయి మీద, 216లో కరకల్లా చక్రవర్తి, ఇంతకు ముందు తెల్లరాయితో పరిచి పనికిరాకుండా పోయిన దారిని, నడిచేవాళ్ళకి గట్టిగా ఉండాలని 21 మైళ్ళ పొడవునా కొత్త నల్లరాయితో తన డబ్బుతో వేయించాడు అని రాసుంది. మా మేనకోడలు అది చదివి, "మామయ్యా, మన కాంట్రాక్టర్లకి ఇది ఫ్రేమ్ కట్టించి ఇవ్వాలి" అంది. మేం నడిచినంతసేపూ ఇద్దరు ముగ్గురు మనుషులు తప్ప ఎవరూ ఎదురవలేదు. టికెట్ లేదు, హోటల్ లేదు, టాయిలెట్ లేదు, నీడ తక్కువ. ఫోంది నుంచి ఈత్రి వెళ్ళే బస్సు డ్రైవర్‌కి ముందే చెబితే దింపుతాడు, తిరుగు బస్సు టైమ్ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. బూట్లు తప్పనిసరి. ఫోంది ఊళ్ళో ముఖ్య వీధి ఇప్పటికీ పాత ఆప్పియానే, పేరు కూడా ఆప్పియస్ క్లాడియస్ వీధి. అక్కడ గేదెపాల మొజరెల్లా తినకుండా రావద్దు.

కాపువా అంటే ఇప్పటి కాపువా ఊరు కాదు, శాంతా మరియా కాపువా వెతెరె అనే పక్క ఊరికి టికెట్ తీసుకోవాలి. కొలోసియం తర్వాత చెప్పుకోదగ్గ పెద్ద అరేనాల్లో ఇక్కడిది ఒకటి, జనం లేరు, నేలమాళిగల్లో మీ ఇష్టం వచ్చినంతసేపు తిరగొచ్చు. బానిసల తిరుగుబాటు నడిపిన స్పార్టకస్ తప్పించుకున్న గ్లాడియేటర్ల బడి ఈ ఊళ్ళోదే. క్రీ.పూ. 71లో తిరుగుబాటు అణిచాక ఆరు వేలమందిని కాపువా నుంచి రోమ్ దాకా ఆప్పియా పొడుగునా శిలువ వేశారు. రోమ్‌లో పైన్ చెట్ల కింద నడిచినప్పుడు ఇది గుర్తుకి రాకపోవచ్చు, ఇక్కడ మాత్రం తెగ గుర్తొస్తుంది. ఊరు మామూలుగా ఉంటుంది, రాత్రి ఉండక్కర్లేదు. కజెర్తాలో ఉండి పూటలో చూసి రావచ్చు.

ఇక్కడి నుంచి రైళ్ళతో కుదరదు. నేపుల్స్ విమానాశ్రయంలో కారు తీసుకుని బ్రిందిసి విమానాశ్రయంలో వదిలేశాం, వేరే ఊళ్ళో వదిలినందుకు అదనంగా కట్టినా సుఖమే. మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ ఇండియాలోనే తీసుకెళ్ళాలి. పాత ఊళ్ళ మధ్యలోకి బయటి కార్లు రాకూడదని బోర్డులుంటాయి, కెమెరాలు ఫోటో తీసి జరిమానా నెలల తర్వాత ఇంటికి పంపుతాయి. కారు ఊరి బయట పెట్టి నడవడమే మంచిది. అద్దె కౌంటర్లో మాకు అక్కర్లేని ఇన్సూరెన్స్ గట్టిగా అంటగట్టబోయారు, కాగితం మొత్తం చదివాకే సంతకం పెట్టండి.

బెనెవెంతో ఈ దారిలో రాత్రి ఉండదగ్గ ఊరు, కళ్ళు మూసుకుని ఉండొచ్చు. 114 నాటి ట్రాజన్ తోరణం ఇంత చెక్కుచెదరకుండా ఉంటుందని నేను ఊహించలేదు. 1943 బాంబు దాడుల్లో ఊరు చాలావరకు కూలినా ఇది నిలిచింది. కమాను లోపలి గోడకి ఒక పక్క పేదపిల్లలకి తిండి సాయం ఇచ్చే బొమ్మ చెక్కారు, వరసలో నిలబడ్డ నాన్నల భుజాల మీద పిల్లలు కూర్చునున్నారు, ఒక్కో పిల్లాడి కాలు నాన్న ఛాతీ మీద ఎలా వేలాడుతోందో కూడా కనిపిస్తుంది. యుద్ధాలు, ఊరేగింపులు ఎన్ని చెక్కినా నా కళ్ళు మళ్ళీ మళ్ళీ అక్కడికే పోయాయి. ట్రాజన్ 109లో ఇక్కడి నుంచి సముద్రతీరం మీదుగా బ్రిందిసికి ఇంకో దారి వేయించాడు, బళ్ళకి అది తేలిక కాబట్టి పాత కొండదారికి రద్దీ తగ్గింది. సాబాతో నది మీద ఆప్పియా వంతెన పోంతె లెప్రోజో కూడా చూడండి, పునాదులు రోమన్లవి, ఊళ్ళోంచి నడిచే దూరమే.

మేం పాత దారే పట్టాం. ఎక్లానో శిథిలాలు అరగంట చాలు. వెనోజా చిన్న ఊరు, హొరేస్ క్రీ.పూ. 65లో పుట్టింది ఇక్కడే, తండ్రి బానిసత్వం నుంచి విడుదలైనవాడు. సగంలో ఆగిపోయిన ఒక పెద్ద చర్చి ఉంది, పైకప్పు లేదు, గోడల్లో రోమన్ సమాధి రాళ్ళే ఇటుకల్లా వాడేశారు, ఆ గోడల వెంట గంటసేపు తిరిగినా విసుగు రాదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఊరు మూసేస్తారు, భోజనం ముందే చూసుకోండి. గ్రవీనాలో లోయ మీది వంతెన చూసి, రాత్రికి మతేరా వెళ్ళిపోండి, ఆప్పియా మీద కాకపోయినా అంత దగ్గరకెళ్ళి గుహల ఊరు చూడకుండా రాకూడదు, కాకపోతే గుహ హోటళ్ళు తేమగా ఉంటాయి, ఆస్తమా ఉన్నవాళ్ళు మామూలు గది తీసుకోండి. తారాంతోలో మ్యూజియంలో గ్రీకు బంగారు నగలు అద్భుతం, మా ఆవిడని అక్కడి నుంచి కదిలించడం మా వల్ల కాలేదు. ఊరు మీద స్టీల్ ఫ్యాక్టరీ దుమ్ము, బస వద్దు.

బ్రిందిసి రేవు ఒడ్డున మెట్లెక్కితే ఒంటరి పాలరాతి స్తంభం, ఆప్పియా ఇక్కడితో ముగిసిందని చెప్తారు. ఒకప్పుడు రెండుండేవి, 1528లో ఒకటి కూలింది, దాని ముక్కల్ని తర్వాత లెచ్చె ఊరివాళ్ళు తీసుకెళ్ళి తమ చౌరస్తాలో నిలబెట్టుకున్నారు. ఇక్కడ నిలిచినదాని అసలు శిఖరం ఎండావానలకి పాడవకుండా దగ్గర్లోని గ్రనాఫెయి నెర్వెన్యా భవనంలో పెట్టారు, కంటికి ఎదురుగా చూడొచ్చు. క్రీ.పూ. 19లో కవి వర్జిల్ గ్రీసు నుంచి తిరిగొస్తూ ఈ ఊళ్ళోనే చనిపోయాడు. మనకి దగ్గరి సంగతి ఇంకోటి: 1870 నుంచి 1914 దాకా లండన్–బొంబాయి టపా రైల్లో ఈ రేవుకొచ్చి, ఇక్కడి నుంచి ఓడలో సూయజ్ మీదుగా వెళ్ళేది. 1931 డిసెంబర్ 14న రౌండ్ టేబుల్ సమావేశం ముగించుకుని గాంధీజీ ఇండియాకి ఓడెక్కింది కూడా ఇక్కడే. సాయంత్రం ఒకటి చాలు ఈ ఊరికి, కానీ ఆ సాయంత్రం మాత్రం ఉంచుకోండి. రేవు వీధిలో హోటల్ 90 యూరోలు, పాతది, పడక బాగుంది, ఏసీ చప్పుడు ఎక్కువ.

తిండికి ఈ దక్షిణం శాకాహారులకి స్వర్గమే, ఒరెక్కియెత్తె పాస్తా, ఫొకాచ్చా, బుర్రాతా, శనగల సూపు అన్నీ దొరుకుతాయి. ఆకుకూర పాస్తాలో చిన్న చేప ముక్కలు కలుపుతారు, ఆర్డర్‌కి ముందే అడగండి. ఏప్రిల్, మే నెలలు లేదా అక్టోబర్ మంచివి, జులై, ఆగస్టుల్లో ఆ రాళ్ళ మీద ఎండ మన రెంటచింతలని మరిపిస్తుంది. రీజినల్ రైలు కాగితం టికెట్‌ని ఎక్కేముందు మిషన్‌లో ముద్ర వేయించుకోవాలి, ఆన్‌లైన్ టికెట్ అయితే చెక్ ఇన్ నొక్కాలి, లేకపోతే జరిమానా. రోజులు తక్కువైతే ముందు తారాంతో తీసేయండి, తర్వాత ఎక్లానో, ఆ తర్వాత కాటకూంబులు. సాంత్ ఆంద్రెయా లోయనీ, బెనెవెంతోనీ మాత్రం తీసేయకండి. తిరుగు విమానం బ్రిందిసి నుంచే రోమ్‌కి దొరుకుతుంది, వచ్చిన దారిన మళ్ళీ వెనక్కి రానక్కర్లేదు.